పిట్టకి తోచడం లేదట

ఏలూరులో ఒక మేడ మీది వాటా. ఉదయం. హాల్లో కామేశం, ఆయన భార్య శ్యామల. కిటికీ పక్క పంజరంలో ఒక పచ్చ లవ్ బర్డ్.

“మళ్ళీ ఏవిటి శ్యామలా? దొరగారికి తోచడం లేదా?”

“ఉయ్యాల మార్చాలండీ. నాలుగు రోజుల నుంచీ అదే. విసుగొచ్చింది దానికి.”

“అయ్యో పాపం. సినిమాకి తీసుకెళ్ళనా?”

“ముందు కొర్రలు కాగితంలో చుట్టి అక్కడక్కడా దాచండి. వెతుక్కుని తినాలని చెప్పారుగా డాక్టరుగారు.”

“గిన్నెలో పోస్తే తినదా? కొల్లేట్లో అన్ని వేల కొంగలున్నాయి, వాటికెవరు కడుతున్నారే పొట్లాలు?”

“వాటికి ఎగరడానికి కొల్లేరంతా ఉంది. దీనికి మన హాలే కదండీ.”

“ఇరవై రెండేళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. ఇప్పుడు పిట్టకి పొట్లాలు!”

“నిన్న జామకొమ్మ తెస్తానన్నారు...”

“తెచ్చాను. మందు కొట్టని చెట్టుదే కావాలన్నావుగా! పెదపాడు దాకా బండేసుకుని వెళ్ళాను, మా కెమిస్ట్రీ అచ్యుతరావు దొడ్లోకి. గంటసేపు వదల్లేదు వాడు.”

“ఏవన్నారు?”

“ఏవంటాడూ... కాలేజీ మూసేస్తే మనిషి కూడా మూసుకుపోతాడుట్రా, అన్నాడు.”

“ఇంకేవన్నారు?”

“గడ్డం గీశావే, అని కూడా అన్నాడు.”

“గీశారుగా.”

“గీయక? గడ్డంతో దగ్గరికెళ్తే బెదురుతుందని నువ్వేగా అన్నావు!”

“అన్నానా?”

“అన్నావు. రోజూ అరగంట మాట్లాడమనీ అన్నావు. మహా శ్రోత మరి! నిన్న న్యూటన్ మూడో సూత్రం చెప్తుంటే భుజమెక్కి చెవి కొరికింది. ప్రతిచర్య!”

“నవ్వారు మీరు. వంటింట్లోకి వినబడింది.”

“నేనా? నేను నవ్వలేదు.”

“సర్లెండి. ఫ్యాన్ ఆపి కిటికీలు మూయండి, కాసేపు బయటికి వదులుదాం.”

“ఎప్పుడో మూశాను. ఇంతకీ ఎవరే ఆ డాక్టరు? ఊరికే కూచుంటే జబ్బట, పని చెప్పాలట, పలకరించాలట! ఇది చూస్తే నిక్షేపంలా ఉంది. ఒక్క ఈకైనా రాల్లేదు. పద, నేనే వచ్చి నాలుగూ అడుగుతాను.”

“రండి. ఆయనా రమ్మన్నారు.”

“పంజరం ఆటోలో పడుతుందా?”

“పిట్టెందుకండీ?”

“పిట్ట లేకుండా పిట్టల డాక్టరు దగ్గరికేంటే?”

“ఆయన పిట్టల డాక్టరు కాదండీ. ఆర్నెల్లు మీరు మంచం దిగకపోతే... మీ గురించి చెప్పుకుందామని వెళ్ళాను.”