ఏడో నంబర్ బానెట్టు

హలో… ఆ, నేనే, సాబిర్‌ను. సదన్నేనా? … ఫ్యాన్ చప్పుడుకు నీ గొంతు గుర్తువట్టరాలే.

ల్యాంప్ రూముల ఒక్కనివే ఉన్నవా? … సెకండ్ షిఫ్టోళ్లు ఇంకా రాలే గదా? … మంచిదాయె. వాళ్లొచ్చి కిటికి కాడ లైన్ కట్టిన్రంటె నువ్వు బొగ్గుబాయిల దిగేటోళ్లకు లైట్లిచ్చుట్ల పడుతవు, నాకు దొరకవు.

షెడ్డుకెల్లి కాదన్న. ఆగయ్య కొట్టుకెల్లి చేస్తున్న. … ఆ, పాత ఇనుము కొనే ఆగయ్యనే. మన జీపుకు పైన గుడ్డ టాపు కట్టాలంటె వంపు పైపులు గావాలె గదా, ఈడ దొరుకుతయేమోనని వచ్చిన.

జీపుకేం కాలే. … అరె, ఏం కాలేదంటున్న గదా! మంచిగున్నది. నిన్న క్లచ్చు పని ఒడ్సింది. గేరు రాడుకే లివరు బిగించిన, స్కూటరుకున్నట్టు. ఎడమ చేతితోని లివరు ఒత్తాలె, అదే చేతితోని గేరు మార్చాలె, మెల్లగ ఇడువాలె. క్లచ్చుకు కాలుతోని పనేలేదు. … లే, బలం అక్కరలేదు. లారీ బ్రేకు బూస్టరొకటి తీసి నడుమ పెట్టిన. మా ఇంటామె నుస్రత్ ఒత్తి చూసింది, గింతంత చేతితోని.

ముందటి చక్రాలు గూడ గుంజుతున్నయ్. ఫోర్ వీల్ గేరు టక్కున పడుతున్నది. మన వాగు ఇసుకల గూడ ఆగది. ఇగ రంగు మిగిలింది, టాపు మిగిలింది, డ్రైవరు దిక్కు మెట్టు జర కిందికి దించుడు మిగిలింది, నువ్వు కట్టె పట్టుకొని ఎక్కనీకి…

… ఎట్ల మాట్లాడుతున్న? … మంచిగనే మాట్లాడుతున్న. … ఏడుస్తలేనన్న. పొగ. ఈడ గ్యాసు కట్టరు నడుస్తున్నది, కండ్లు మండుతున్నయ్.

ఆగయ్యా! ఓ ఆగయ్యా! దానికి చెయ్యి పెట్టకు! ముందుగాల ఆ లారీ డబ్బాలు కోసుకో, దీనికి రాకు. రెండు నిమిషాలు ఆగు, నీకు దండం పెడుత! … నీతోని కాదన్న, ఆగయ్యతోని.

ఆ. చెప్త. చెప్పనీకే చేసిన. కోపం చెయ్యకు. చేసినా ఫోన్ మాత్రం పెట్టెయ్యకు, టైం లేదు.

కంపెనీ వేలంల నువ్వు కొన్న జీపు… అది నీ పాత జీపు గాదన్న.

… ఆ, నిజమే చెప్తున్న.

గాదన్న. బానెట్టు మీద కంపెనీ రాసిన ఏడో నంబరు చూసి అందరం నీదే అనుకున్నం. బానెట్టే నీది. కిందున్న బండి వేరేది. వర్క్‌షాపుల ఏ బానెట్టు పట్టితె ఆ బానెట్టు ఎక్కిస్తరు, నీకెరుకలేనిదా? యాక్సిడెంటయినంక నీ బానెట్టు సాఫు చేసి ఇంకో బండికి పెట్టిన్రు. నీ బండికేమో నంబరే లేని బానెట్టు పెట్టిన్రు. అది తుక్కు లెక్కల పోయింది. ఆగయ్య కొన్నడు.

ఈడనే ఉన్నదన్న. కిటికిలకెల్లి కనవడుతున్నది. ఇటుకల మీద నిలవెట్టిన్రు, చక్రాలు లేవు. పదకొండేండ్లు నువ్వు తోలిన జీపు.

… ఎట్లనా? నా వెల్డింగు అన్న! డ్రైవరు సీటు కింద నా వెల్డింగున్నది! ఎనభై మూడుల, నేను గులాం అలీ ఉస్తాద్ దగ్గర కొత్తగ చేరిన. నువ్వు డ్యూటీల పోతుంటె రోడ్డు మీద అడుగురేకు పగిలింది, మా షెడ్డుకు తెచ్చినవు. నేనే పట్టీ వేసిన. వంకరటింకర. ఉస్తాద్ నా చెవి పిండిండు. నువ్వు నవ్వి, "ఉండనీ గులాం భాయి, మొదటిది గదా" అన్నవు. అది మర్చిపోతనా నేను? వేలు పెట్టి తడిమి చూసిన. అదే.

రెండు గంటలకు లారీ వస్తదట. అంతలోపల కోసి ముక్కలు ఎక్కిస్తడట. ఇప్పుడు ఒకటిన్నర దాటింది. అందుకే ఉరికొచ్చి ఫోన్ పట్టుకున్న.

… ఇంకొకటున్నది. అది గూడ చెప్త. చెప్పకుంటె నాకు అన్నం దిగది.

నాకు అనుమానం ముందే వచ్చిందన్న. మూడు నెలల కింద. షెడ్డుల మన జీపు అడుగురేకు ఊడవీకినప్పుడు సీటు కింద నా వెల్డింగు లేదు. ఏందిది అనుకున్న. వర్క్‌షాపోళ్లు రేకే మార్చిన్రేమోనని నాకు నేను చెప్పుకున్న. నమ్మలే. అయినా నోరు మూసుకున్న. నువ్వు ఆ పూట డబ్బా మీద కూసోని, కట్టె పక్కకు వెట్టి, గేరు గిట్ల గావాలె, మెట్టు గట్ల గావాలె అని సుద్ద ముక్కతోని నేల మీద గీస్తున్నవ్. నవ్వుతున్నవన్న! నీ పక్కన కూసున్న ఎల్లన్న ఆ యాక్సిడెంటుల పోయినంక, నీ కాలు పోయినంక, నువ్వు నవ్వంగ నేను అదే చూసుడు. ఎట్ల చెప్పాలె? నీది గాదని ఏ నోటితోని చెప్పాలె?

గల్తీ నాది. మాఫ్ చెయ్యి. తర్వాత తిట్టు, షెడ్డుకొచ్చి కొట్టు. ముందుగాల ఈ పని కానీ.

విను. ఆగయ్యతోని మాట్లాడిన. బాడీకి బాడీ ఇస్తె సరే అన్నడు. మన షెడ్డుల ఉన్న బాడీ ఆయనకిచ్చి, ఇది తీస్కపోత. ఇంజను మనం చేసిందే, దించి దీన్ల ఎక్కిస్త. క్లచ్చు లివరు, బూస్టరు, ముందటి గేరు డబ్బా… అన్ని ఇప్పుత, అన్ని బిగిస్త. ఎడమ దిక్కు రేకు సొట్టవోయి ఉన్నది, అది కోసి కొత్తది వేస్త. మూడు నెలలు. రెండున్నర. రాత్రింబగళ్లు చేస్త అన్న, వేరే బండి షెడ్డుల పెట్టుకోను. నువ్వు ఊఁ అను, చాలు.



అన్నా, ఆడు మళ్ల కట్టరు పట్టుకున్నడు. ఊఁ అను!

… ఏందీ? … మళ్ల చెప్పు, వినవడలే.

… కొయ్యనియ్యాల్నా?

కోపంల అంటున్నవ్ నువ్వు. నా మీద కోపం బండి మీద తియ్యకు. పదకొండేండ్లన్న! దాంట్లనే తిన్నవ్, దాంట్లనే పండుకున్నవ్. మీ ఇంటామె పోశవ్వక్క నొప్పులవడితె దాంట్లనే దవాఖానకు తీస్కపోయినవ్. అసొంటి బండిని ముక్కలు చేస్తుంటె నన్ను చూడుమంటవా? నాతోని గాదు. నేను దాని మీద ఎక్కి కూసుంట, ఎట్ల కోస్తడో చూస్త…

… కోపం గాదా? మరేంది?

… తెలుసా?

నీకు తెలుసా? ఎప్పటిసంది? … వేలం నాటిసందేనా?

… ఆ, వంగి చూసినవ్. ఎరుకున్నది. చంకల కట్టె పెట్టుకొని మోకాలి మీద వంగినవ్, నేను ఉరికొచ్చి పట్టుకున్న. పట్టాలు, స్ప్రింగులు చూస్తున్నవనుకున్న. … నా వెల్డింగు కోసమా?

… లేదని చూసుకొని, అప్పుడు వేలంల చెయ్యెత్తినవా.

అంటె… నీది గాదనే కొన్నవా అన్న.

యా అల్లా.

… చెప్పు. వింటున్న. ఆగయ్య ఆగుతడు, నువ్వు చెప్పు.

… ఊఁ. … వాన. … లైట్లు లేని లారీ అన్న, ఆ వానల ఎవలకు కనవడుతది… … సరే, అనను. నువ్వే చెప్పు.

… ఎడమ దిక్కంత లోపలికి వచ్చింది. … నీ కాలు ఇరుక్కున్నది. … ఎంతసేపు? … గంటన్నర?

మాకెవ్వరికీ చెప్పలేదేందన్న ఇది. ఎల్లన్న అప్పుడే పోయిండనుకున్నం అందరం. … గంటన్నర నీ భుజం మీదనే ఉన్నడా. … మాట్లాడిండా? … ఏమన్నడు? …

… వద్దు వద్దు. చెప్పరాకుంటె చెప్పకు. ఊపిరి తీస్కో. నీళ్లున్నయా పక్కన? తాగు. … నేనున్న. పెట్టెయ్య.

నాకెందుకు తట్టలేదన్న? నీ బండి, నీ బండి అని ఖని అంత చాటింపేసిన. సదన్న జీపు సదన్నకే దొరికిందని చాయి తాగిన ప్రతోనికి చెప్పిన. నీకెంత కష్టమనిపించిందో. … నాకే చెప్పొద్దా? … అవును, పాత బండి ఎందుకు వద్దని అడుగుదును. అడుగుదునే. నా నోరు నాకెరుకలేదా. … ఎడమ సీటు వద్దన్నది గూడ అందుకేనా. నేనేమో సామాన్ల డబ్బా పెట్టుకుంటవేమో అనుకొని కొలతలు తీస్తున్న. నాకంటె బుద్ధిలేనోడు ఉంటడా.

… ఏ సీటు? దీని ఎడమ సీటా? … ఉన్నది. … ఏం లేదన్న. … చూసే చెప్తున్న. రెగ్జిను ఎండకు పగిలింది, లోపలి పీచు బయటికొచ్చింది. గంతే. … మరక లేదు. నాలుగు వానకాలాలు పడ్డయ్ దాని మీద. … కసమ్ అన్న. నా పిల్లల మీద కసమ్. ఖాళీ సీటు.

… ఏడువన్న. ఏడువు. ఎవలున్నరు ఆడ. నాలుగేండ్లాయె, ఒక్కనాడన్న ఏడ్సినవా. ఏడువు.

…

నిజంగనే కొయ్యమంటున్నవా? మళ్ల అడుగను. ఒక్కసారి చెప్పు. … సరే.

ఆగయ్యా! … కొయ్యి. … కొయ్యమంటున్న. బాడీ మార్చుడు లేదు, ఏం లేదు. ఎడమ దిక్కుకెల్లి మొదలువెట్టు. … ఎందుకో నీకెందుకయ్యా, చెప్పింది చెయ్యి!

మొదలువెట్టిండన్న. … వినొస్తున్నదా? కిటికి మూస్త. … మూయొద్దా. సరే.

… ఉన్న. ఈడనే ఉన్న.

… ఆ. తెగింది. ఎడమ దిక్కు కింద పడ్డది. ఇప్పుడు నడుమకు వచ్చిండు. … నా వెల్డింగా? పోనీ అన్న. అదొక వెల్డింగా.

… ఒక్కటి అడుగుత. ఆ బండి నీకు కండ్ల పడొద్దంటె నాకర్థమైంది. అసలు జీపే ఎందుకన్న? ఏ జీపైనా? క్వార్టరు కాడికెల్లి ల్యాంప్ రూము నాలుగడుగులాయె. సుద్దముక్క పట్టుకొని అన్ని దినాలు గీసి గీసి… ఎక్కడికి పోదామని?

… నస్పూరా? నస్పూర్ల నీకెవలున్నరు?

… సమ్మవ్వ.

ఎల్లన్న ఇంటామె. … నాలుగేండ్లల్ల ఒక్కసారి గూడ పోలేదా? … దినాలకు నువ్వు దవాఖానల ఉంటివి, అది నిజమే. తర్వాతనన్న? … ఆమె రమ్మని కబురు పంపిందా? రెండుసార్లు? … పోకపోతివా అన్న.

బస్సున్నదాయె. నేను స్కూటరు మీద తీస్కపోదును, ఒక్క మాటంటె. … ఊఁ. … ఊఁ. … ఎవలో తీస్కపోతె పోయినట్టు గాదా. … ఆనాడు తోలింది నువ్వు. … తోలుకుంట పోయి ఆమె ముంగట నిలవడాలె. ఆమె ఏమన్నా అననీ, పడాలె. … సమజయింది. ఇగ చెప్పకు, సమజయింది.

ఆదివారం పోయేటట్టు తయారు చేస్త. టాపుకు టైం వడుతది… వద్దా? … రంగు గూడ వద్దా. సరే. మెట్టొక్కటి పెడుత. బ్రేకులు రెండుమాట్ల చూస్త. శనివారం మాపటికి రా, మన షెడ్డు ఎనుక మైదానంల నాలుగు సుట్లు తోలు, చేతి క్లచ్చు అలవాటైతది. … లే, నేను రాను. ఒక్కనివే పో. నేను షెడ్డులనే ఉంట.

… వచ్చిన్రా? మాటలు వినవడుతున్నయ్. పో అన్న, మొఖం కడుక్కో, మందికి లైట్లియ్యి. …

… ఏదో అంటున్నవ్? జర గట్టిగ. కట్టరు చప్పుడుకు వినొస్తలేదు.

… ఆమె గేటు కాడ ఇంజను బంద్ చేస్తె మళ్ల స్టార్టయితదా అంటున్నవా?

అయితదన్న. ఆ ఇంజను నేను చేసిన. బంద్ చెయ్యి, దిగు.

… దిగాలె అన్న. … ఆ. పెట్టేస్తున్న.