మామయ్యగారి మిషన్ నిండింది

పొద్దున్నే రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ మొరాయించింది. ఇంకో దిక్కు లేక, ల్యాబు యజమాని మూడు నెలలుగా మాటల్లేని అల్లుడికి ఫోన్ చేశాడు.

“…అది కాదయ్యా, ముందు నే చెప్పేది విను. రిపోర్టు సేవ్ చేస్తే ‘చోటు లేదు’ అంటోంది. ప్రింటు కొడితే రాదు. బయట బెంచీల నిండా జనం.”

“నమస్కారం మామయ్యగారూ.”

“ఆఁ, నమస్కారం, నమస్కారం. చోటు లేదంటోందయ్యా!”

“మీ ల్యాబులో నాకూ చోటు లేదన్నారు. గేటు దగ్గరే నిలబెట్టి, జనం చూస్తుండగా.”

“ఆ పురాణం ఇప్పుడు విప్పకు. మిషన్ పెట్టింది నువ్వు, నువ్వే చూడాలి. ఆ లినక్సూ గినక్సూ వద్దు, నలుగురూ వాడేదే పెట్టవయ్యా అంటే విన్నావా?”

“ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆగిందా అది?”

“ఇవాళ ఆగిందిగా! అవునూ, వెనకాల ఏంటా మాటలు? ఎవరున్నారు?”

“టీవీ.”

“ఓహో. పొద్దున్నే టీవీ పెట్టుకుని హాయిగా కూర్చున్నారన్నమాట.”

“కూర్చున్నారేంటి, ఉన్నది నేనొక్కణ్ణే. ఇదిగో, కట్టేశాను.”

“అవునవును. ఒక్కడివే, పాపం!”

“ఎత్తిపొడవడానికి చేసుంటే చెప్పండి, పెట్టేస్తాను.”

“పెట్టెయ్యకు! ఏమీ తినకుండా వచ్చి రక్తమిచ్చి కూర్చున్నారు జనం. ఒకాయన ఆపరేషన్‌కి పోవాలి, రిపోర్టు చేతికి రాక అల్లాడిపోతున్నాడు.”

“సరే, చేస్తాను. ముందు తనని ఫోన్ దగ్గరికి పిలవండి.”

“ఎవర్ని?”

“ఎవర్నేంటి? మీ అమ్మాయిని.”

“…ఏమన్నావ్?”

“పది నిమిషాలు మాట్లాడనివ్వండి చాలు. మీ మిషన్ బాగుచేసి నా దారిన నేను పోతాను.”

“ఎగతాళా? గతిలేక నీకు ఫోన్ చేశానని ఎగతాళి చేస్తున్నావా?”

“పెళ్ళాం గొంతు విని మూడు నెలలైనవాడు ఎగతాళి చేస్తాడా? నాన్న దగ్గరే ఉంటాను, ఫోన్ చెయ్యకు అని తనతో మెసేజ్ కూడా పెట్టించారుగా!”

“నేనా? నేనెప్పుడు పెట్టించాను?”

“మీరు కాకపోతే ఎవరు? తనకు తానుగా అంత మాట అనదు.”

“చూడల్లుడూ, నాటకాలు కట్టిపెట్టు. గెలిచినవాడు అంతలా మిడిసిపడకూడదు.”

“నేనేం గెలిచాను, నా బొంద! పిలుస్తారా, పెట్టెయ్యమంటారా?”

“ముందు పని కానీ. అయ్యాక నీతో మాట్లాడాల్సింది నాకూ ఉంది.”

“మీరు కాదు, తను మాట్లాడాలి.”

“పని కానీ అన్నానా!”

“…సరే. నల్ల కిటికీ తెరవండి.”

“నల్ల కిటికీ ఏంటి?”

“తను టైపు చేస్తూ కూర్చునేది. నల్లగా ఉంటుంది, తెల్ల అక్షరాలొస్తాయి.”

“ఆఁ, అదా. తెరిచాను.”

“డీ, ఎఫ్. స్పేస్. మైనస్. హెచ్. ఎంటర్.”

“నెమ్మది! ఒంటివేలితో కొడుతున్నా. ఈ ‘ఎఫ్’ ఎక్కడ చచ్చింది… ఆఁ. ఏవో లైన్లొచ్చాయి.”

“పర్సెంట్ గుర్తులున్నచోట, అన్నిటికన్నా పెద్ద అంకె ఎంత?”

“వంద.”

“అంతే మరి. డిస్కు నిండిపోయింది.”

“నిండుకుండ తొణకదంటారు, ఇదేంటి ఇంత గోల చేస్తోంది? పైగా నీకు ఫోన్ చేసేముందే కొంత చోటు చేశాను కూడా. పాత ఫైళ్ళు తీసేశాను.”

“ఏం ఫైళ్ళు?”

“పాతవే. రిపోర్టులు.”

“జనాల రిపోర్టులా!”

“పోయినేటివిలే. ఎవడడుగుతాడు?”

“డాక్టరడుగుతాడు! పోయినేడు ఎంతుంది, ఇప్పుడెంతుంది అని చూసే కదా వైద్యం చేసేది! మీరు ల్యాబు నడుపుతున్నారా, పాత పేపర్ల కొట్టు నడుపుతున్నారా?”

“నోరు పారేసుకోకు. తీసినా చోటు రాలేదు, అది చెప్పు ముందు.”

“రాదు. అవన్నీ చెత్తబుట్టలో కూర్చున్నాయి. ఇల్లూడ్చి చెత్తంతా మూల పోస్తే ఇల్లు ఖాళీ అవుతుందా? బుట్ట ఖాళీ చెయ్యలేదు కదా?”

“అది ఎలా చెయ్యాలో తెలియకే నీకు ఫోన్ చేసింది.”

“బతికించారు. బుట్ట తెరిచి, అన్నీ ఎక్కడివక్కడ పెట్టెయ్యండి. కుడివైపు బటన్ నొక్కితే వస్తుంది.”

“పెడుతున్నా, పెడుతున్నా… నర్సమ్మా, ఆయన్ని కాస్త కూర్చోమను, ఐదు నిమిషాల్లో ఇస్తామని చెప్పు… ఆఁ, పెట్టేశానయ్యా. ఇప్పుడు?”

“తుడవాల్సింది రిపోర్టులు కాదు. కేష్, లాగులు.”

“నాకర్థమయ్యే భాషలో ఏడు.”

“కేష్ అంటే, మళ్ళీ పనికొస్తాయేమోనని మిషన్ దాచుకున్న పాత సరుకు. పోయినా నష్టం లేదు, కావాలంటే మళ్ళీ తెచ్చుకుంటుంది. లాగంటే, రోజంతా ఏం చేసిందీ, ఎక్కడ తట్టుకుందీ అది రాసుకునే చిట్టా. ఎస్, యూ, డీ, ఓ. స్పేస్. ఏ, పీ, టీ. స్పేస్. సి, ఎల్, ఈ, ఏ, ఎన్. ఎంటర్.”

“పాస్‌వర్డ్ అడుగుతోంది.”

“పాతదే కొట్టండి.”

“పాతది కాదు, అమ్మాయి మార్చింది. నాకు చెప్పిందిలే, వెళ్ళే…”

“ఎక్కడికి వెళ్ళే?”

“…మేడ మీదికి. మేడ మీదికి వెళ్ళేటప్పుడు చెప్పింది. ప్రతిదానికీ ఆరాలు తియ్యకు! ఇదిగో, కొడుతుంటే ఏమీ పడట్లేదు ఇక్కడ.”

“కనబడదు. పడుతూనే ఉంటుంది, కొట్టండి.”

“మిషన్ కూడా నీ పోలికే. లోపల ఏముందో పైకి తెలియనివ్వదు.”

“నా లోపల ఏముందో మీకు చెప్పాను. ఇల్లరికం రాను, ఉంటే వేరింట్లో మేమిద్దరం ఉంటాం అన్నాను. అది మీకు మింగుడు పడలేదు.”

“ఎందుకు పడుతుంది? తల్లి లేని పిల్లని నెత్తిన పెట్టుకుని పెంచాను. ఈ ల్యాబు దానిది. పొద్దున రక్తం తీసేది అది, రిపోర్టు చూసేది అది, సాయంత్రం గల్లా కట్టేది అది. అందరి ముందూ దాని చెయ్యి పట్టి లాగి ‘నడు ఇంటికి’ అన్నావు. నా కళ్ళతో చూశాను.”

“రెండో చెయ్యి పట్టుకుని లాగింది ఎవరు?”

“నా కూతురు!”

“నా భార్య!”

“పాస్‌వర్డ్ కొట్టేశాను. ఏమీ రాలేదు, ఊరికే నిలబడింది.”

“అంటే అయిందనే. ఇందాక కొట్టిందే మళ్ళీ కొట్టండి. డీ, ఎఫ్.”

“తెలుసులే. తొంభై ఆరు.”

“కేష్‌లో పెద్దగా లేదు. లాగులే తినేస్తున్నాయి. నేను చెప్పే దాంట్లోకి వెళ్ళండి. సి, డీ. స్పేస్. గీత. వి, ఏ, ఆర్. గీత. ఎల్, ఓ, జి.”

“ఏ గీత? పడుకున్నదా, నిలబడ్డదా?”

“వాలిపోయింది. క్వశ్చన్ మార్కు కింద ఉంటుంది.”

“నాలాగే వాలిపోయిందను. ఊఁ, వెళ్ళాను.”

“ఎల్, ఎస్. స్పేస్. మైనస్. ఎల్, హెచ్. మళ్ళీ చివర క్యాపిటల్ ఎస్. పెద్దవి పైకొస్తాయి. మొదటిదేంటి?”

“మన ల్యాబు పేరుతో ఉంది. అబ్బో, దీనెదురుగా ఉన్న అంకె చూస్తే… ఇదొక్కటే సగం డిస్కు మింగినట్టుంది. తీసేస్తున్నా, ఆగు.”

“తియ్యకండి! చెయ్యి తియ్యండి కీబోర్డు మీంచి!”

“అరవకు, గుండె జారిపోయింది. చెత్తే కదా?”

“చెత్తే. కానీ రిపోర్టుల ప్రోగ్రాం దాన్ని పట్టుకుని రాస్తూ ఉంది. పట్టుకున్న ఫైలుని డిలీట్ చేస్తే పేరే పోతుంది, చోటు రాదు. ఫైలుని ఉండనిచ్చి లోపలున్నది మాత్రం ఒంపెయ్యాలి. అదీ చూసుకుని ఒంపాలి. తను చూడకుండా ఏదీ పారబోసేది కాదు.”

“దాని సంగతి నాకు చెప్తున్నావా?”

“హెచ్, ఈ, ఏ, డీ. స్పేస్. ఫైలు పేరు. ఎంటర్. మొదటి లైన్లొస్తాయి. చదవండి.”

“ఇంగ్లీషులో ఉంది. ప్రింటర్… జవాబు లేదంటోంది. రెండో లైనూ అదే. మూడోదీ అదే. ఒకటే మాటయ్యా, అరిగిపోయిన రికార్డులా.”

“మీ పోలికే.”

“నీ వయసెంత, నువ్వు మాట్లాడే మాటలెంత!”

“మూలనున్న రెండో ప్రింటర్ వైరు ఊడినట్టుంది. ఎవరూ చూసుకోలేదా?”

“అది పనిచెయ్యట్లేదు, చాలా రోజులైంది. ఎవరికి తీరిక?”

“అందుకే క్షణానికోసారి అదే రాసుకుంటూ కూర్చుంది. ఆ మొదటి లైను ముందు తేదీ ఉంటుంది, అదెంత?”

“తేదీ ఎందుకు నీకు?”

“చదవండి ముందు. మొన్న ఆదివారానిదై ఉండాలి.”

“…కాదు. రెణ్ణెల్ల కిందటిది.”

“సరిగ్గా చూడండి.”

“కళ్ళజోడు పెట్టుకునే చూస్తున్నానయ్యా. రెణ్ణెల్ల కిందటిదే.”

“అలా ఉండదే! తను ప్రతి ఆదివారం దీన్ని ఖాళీ చేస్తుంది. మిషనే చేసుకునేలా పెడతానంటే వద్దంది, తప్పులేమున్నాయో చూసి తీస్తానంది. జ్వరమొచ్చిన ఆదివారం కూడా మానలేదు. రెణ్ణెల్లు ఎందుకు మానేసింది?”

“పనెక్కువైంది.”

“ఎవరికి?”

“దానికే. ఊపిరాడని పని.”

“ఊపిరాడని పని ఉన్నప్పుడు పక్కనే వైరు ఊడితే చూసుకోదా? తనా?”

“వొంట్లో బాగోలేదు.”

“పనెక్కువా? వొంట్లో బాగోలేదా?”

“రెండూను!”

“మామయ్యగారూ, తనకేమైంది?”

“ఏమీ కాలేదు. బ్రహ్మాండంగా ఉంది. నీకు తెలియదా ఏం?”

“నాకెలా తెలుస్తుంది?”

“…చూడు, బయట తలుపు బాదుతున్నారు. ముందు చోటు చెయ్యి. తర్వాత ఏదైతే అదవుతుంది.”

“చేశాక పిలుస్తారు కదా?”

“చెయ్యవయ్యా బాబూ, దణ్ణం పెడతాను!”

“సుడో, అదే ఇందాకటి ఎస్, యూ, డీ, ఓ కొట్టండి. స్పేస్. టీ, ఆర్, యూ, ఎన్, సి, ఏ, టీ, ఈ. స్పేస్. మైనస్. ఎస్. స్పేస్. సున్నా.”

“కొట్టా.”

“సున్నానా, ‘ఓ’ అక్షరమా?”

“…ఓ.”

“చెరపండి. అంకెల వరసలో ఉంటుంది సున్నా. స్పేస్. ఫైలు పేరు. ఒక్కొక్క అక్షరం చదివి వినిపించండి నాకు. …ఊఁ. …ఊఁ. సరిపోయింది. ఎంటర్.”

“కొట్టాను. మళ్ళీ డీ, ఎఫ్ కొడుతున్నా. అబ్బో! నలభై! నర్సమ్మా, ప్రింటు కొట్టి చూడు… వస్తోందయ్యా! కాగితం వస్తోంది! ముందు ఆపరేషన్ ఆయనది ఇచ్చెయ్యమ్మా, మిగతావి తర్వాత. హమ్మయ్య. ఒడ్డున పడ్డాం.”

“ఆ వైరు పెట్టేయించండి, లేకపోతే మళ్ళీ నిండుతుంది.”

“పెట్టిస్తా. సరే మరి, ఉంటాను.”

“ఉంటారా? పిలవండి తనని.”

“అల్లుడూ…”

“మాటిచ్చారు.”

“ఇవ్వలేదు. పని కానీ అన్నాను, అంతే.”

“గదిలో పెట్టి తాళమేశారా?”

“ఛీ! నా కూతుర్ని నేను తాళమేస్తానా?”

“మరి పిలవండి! మాట్లాడక్కర్లేదు. పక్కన నిలబడి దగ్గితే చాలు. బతికుందని నాకు తెలిస్తే చాలు. మీకు కావాలంటే విడాకుల కాగితాల మీద సంతకం పెట్టేసి పోతాను.”

“నువ్వు… నువ్వు నిజంగా అడుగుతున్నావా?”

“ఇంతసేపూ ఏం చేస్తున్నాననుకున్నారు?”

“మీ అమ్మ మీద ఒట్టేసి చెప్పు. నాటకం కాదు కదా?”

“మా అమ్మ మీదొట్టు. ఏమైంది మీకు?”

“వంటింట్లో లేదూ? నేనని తెలిసి పలకొద్దందేమో… ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు. నేనేమీ అనను.”

“మామయ్యగారూ, ఎవరి గురించి మాట్లాడుతున్నారు మీరు? తను మీ ఇంట్లో కదా ఉంది!”

“నీ దగ్గరికి పోతున్నానని పెట్టె సర్దుకుని వెళ్ళిపోయిందయ్యా! రెణ్ణెల్లయింది. నన్నొదిలి పోయిందని నోటితో ఒప్పుకోలేకే మేడ మీదుందని బొంకాను.”

“నా దగ్గరికి రాలేదు.”

“నీ ఫోన్ ఎత్తనివ్వలేదని నాతో పోట్లాడి మరీ వెళ్ళింది!”

“రాలేదు మామయ్యగారూ. నా గుమ్మం తొక్కలేదు. మరి మీరు వెతకలేదా? రెణ్ణెల్లు ఊరుకున్నారా?”

“ఎందుకు వెతుకుతాను? వారానికోసారి అదే ఫోన్ చేస్తుంది. కడుపునిండా తింటున్నాను నాన్నా, కంటినిండా నిద్రపోతున్నాను, నవ్వుతున్నాను కూడా అంటుంది. నీ దగ్గర అంత సుఖంగా ఉందనే కదయ్యా, నేనింతలా కుళ్ళి చస్తున్నది!”