చెయ్యి పట్టుకు తీసుకెళ్లే ప్రొటీన్

తను చదువుకునే గదిలో, నాలుగు రోజులుండి పోదామని వచ్చిన మరిది గురక పెడుతుంటే, వైరస్‌ల మీద పరిశోధన చేసే ఆవిడ వంటింటి గట్టు మీద రేపటి ఉపన్యాసం రాసుకుంటోంది. భర్త పక్కన చేరాడు.

“హెచ్ఐవీ మన కణంలోకి దూరాక, జన్యువుల్లో మంచి చోటు దానికెలా తెలుస్తుందోయ్?”

“దానికేం తెలుసండీ! మన కణంలోని ప్రొటీనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, బాగా పనిచేసే జన్యువు చూసి మరీ కూర్చోబెడుతుంది.”

“మన ప్రొటీనే? సిగ్గులేదూ దానికి!”

“మొహమాటం కాబోలు. వైరస్ ఒకసారి అతుక్కుందా, ఇక కదలదు.”

“ముందే ఆ రెండిటి చేతులూ విడదీసెయ్యాలి!”

“అలాంటి మందు గురించే నా ఉపన్యాసం. అన్నట్టు, మీ తమ్ముడు ఇవాళ బయల్దేరతానన్నాడుగా? ఆ గది నాకు కావాలి.”

“అన్నాడు.”

“మరి?”

“‘అప్పుడేనా?’ అన్నాను.”

“అంటే?”

“ఉండిపోయాడు. సర్దుకున్న బట్టలు మళ్లీ నీ బీరువాలో నేనే పెట్టాను.”