సువార్తమ్మ కండ్లు

హలో… ఆ, నేనే బిడ్డా, తాతని… దోర్కా, ఇనవడ్తుందా?… పనిల ఉన్నవా?… మీ సారు పక్కనే ఉంటే జర బయటికి రారాదు… స్టూడియోలనే ఉన్న. నాచారంల గాక నేను యాడ ఉంట, సైనిక్‌పురిల బంగ్లా గిట్ల కట్టిన్నా…

నవ్వకు. నాకు నవ్వొస్తలేదు. కంప్యూటర్ ఆగం జేస్తుంది.

కాదు, బంద్ గాలే. నడుస్తుంది. ఫోటో పెద్దగ జేస్తే మొఖం మీద నల్ల డబ్బాలొస్తున్నయ్… ఆ, డబ్బాలే. ఒకదాని పక్కకు ఒకటి. చిన్నగ జేస్తే పోతయ్. మళ్ల దగ్గరికి జరిపి బ్రష్ పెట్టంగనే… మొఖమే లేకుంట పోతుంది.

బంద్ జేసి మళ్ల షురూ జేసిన… జేసిన తల్లీ. తీగ గూడ గుంజి పెట్టిన… అరె, తిట్టకు. ఇంక గుంజ, సరేనా.

లేదు, రేపటి దాక ఆగరాదు. మనిషి ఈడనే కూసున్నది… ఎస్తేరని, జవహర్‌నగర్ కెళ్లి వచ్చింది. వాళ్లమ్మ సువార్తమ్మ పోయింది. రేపు జ్ఞాపకార్థ కూడిక. ఫోటో గావాలె. ప్రింటు దీసే ఉప్పల్ ల్యాబోడు ఆరింటికి షటర్ దించుతడు, నీకు ఎర్కే గదా.

…మామూలు ఫోటోనైతే నిన్నెందుకు సతాయిస్త. బతికున్నప్పటిది ఒక్కటి లేదు. పెట్టెల పండవెట్టినంక ఎవరో ఫోన్ల దీసిండ్రు, గదొక్కటే… ఆధార్‌దా? సూసిన. మసి పూసినట్టుంది, ఆడమనిషో మొగమనిషో ఏర్పడదు.

ఆ. కండ్లు తెరిపియ్యాలె. పొద్దుగాల ఎస్తేరును బల్ల మీద కూసోబెట్టి కెమెరాతోటి ఆమె కండ్ల ఫోటో దీసిన… మరి గంతే గదా మన పద్ధతి. రక్తం పంచుకున్నోళ్లయి పెడ్తెనే మొఖానికి కుదుర్తయ్. రెండూ దెచ్చి మీద పెట్టిన. ఇగ అంచులు కలుపుదామని దగ్గరికి జరిపిన్నో లేదో… డబ్బాలు.

నా ఫికర్ గది గాదు బిడ్డా. ఆగు, జర ఇవతలికొస్త…

ఇను. గీ ఎస్తేరు పోతనంటుంది. వాళ్లమ్మకు ఫోటో అంటే పడకపోయేదట. ఎవరన్న ఫోన్ లేపితే సాలు, కొంగు మొఖానికి అడ్డం పెట్టుకునేది. గందుకే ఒక్క ఫోటో లేదు. ఇప్పుడు గీ నలుపు జూసి, అమ్మ మళ్ల కొంగు అడ్డం పెట్టుకున్నది, అమ్మకు ఇష్టం లేదు, నేను పోత తాతా అంటుంది… సంచి సంకకేసుకున్నది.

నేనేం జెప్పాలె? కంప్యూటర్ ఎందుకు గట్ల జేస్తుందో నాకే ఎర్కలేకపాయె.

ఉత్త చేతులతోటి పోరాదు దోర్కా… వాళ్ల నాయిన ఉన్నడు, భూషణమని. సూపు లేదు… పురాగ లేదు. గాయినే పంపిండు. కండ్లు తెరిచిన ఫోటోనే దేవాలె అన్నడట… గదే నేనూ అడిగిన, సూపు లేనోనికి ఫోటోల కండ్లెట్లుంటే ఏందని. ఏమన్నడో ఎర్కేనా? “ఇంట్ల ఒక్కరివన్న తెరుసుకోని ఉండాలె” అన్నడట.

…ఆ. గా మాట ఇన్నంకనే కెమెరా చేతికి దీస్కున్న.

సరే, చెప్పు. ఏం జెయ్యాలె?… ఆ, సేవ్ జేసిన. అది మరువ. నీకు పంపాల్నా? వాట్సాప్ తెరిచే ఉంది. ఆగు, మెల్లగ… పోయింది. సూడు.

…ఏంది? నీకు మంచిగనే కనవడ్తుందా? మొఖం సాఫ్ ఉందా? ఒక్క డబ్బా గూడ లేదా?

—ఎస్తేరూ, ఇన్నవా? మా మన్మరాలికి మీ అమ్మ మొఖం సాఫ్‌గ కనవడ్తుందట. కూసో బిడ్డా… ఏమన్నవ్?…

దోర్కా… “ఆమెకు కనవడ్తది, నాకు కనవడదు” అంటుంది. స్పీకర్ల పెడ్తున్న, నువ్వే జెప్పు. జర నిమ్మలంగ జెప్పు, ఆఫీసుల మాట్లాడినట్టు మాట్లాడకు.

…

…ఆ, గట్ల చెప్పు. ఇన్నవా ఎస్తేరూ? ఫోటోకు ఏం గాలేదట. లోపల ఫోటో ఎట్లున్నది అట్లనే ఉంది. దాన్ని తెర మీద జూపెట్టే కార్డ్ అని ఒకటుంటదట, గది తప్పు జూపెడ్తుందట… రాత్రి దానంతట అదే ఏదో అప్‌డేట్ అయిందా? నన్ను అడుగకుంటనే?… మంచిగుంది. ఇల్లు నాది, తాళం దానిదాయె.

కూసున్నది. అంచుకు కూసున్నది, సంచి మాత్రం దించలే. తొందరగ జెప్పు.

ఎడిట్… ఆ, పైన. ఇంగ్లీషు నాకేడొస్తది, నేను బొమ్మలు గుర్తువెట్టి నొక్కుత. గీడ అన్ని అక్షరాలే ఉన్నయ్, బొమ్మ ఒక్కటి లేదు… ఎవరిని?… ఆ, నిజమే. —బిడ్డా ఎస్తేరూ, నువ్వు పది దాక సదివిన అన్నవ్ గదా. జర ఇటు రా. నా అద్దాలకు ఆనుతలేదు. మా పిల్ల ఏం జెప్తే అది యాడుందో ఏలు పెట్టి సూపెట్టు.

…కిందికి పోవాల్నా? ఇంక కిందికి?… అట్టడుగున. ఆ, దొరికింది, ప్రిఫరెన్సెస్. ఆమెనే వట్టింది. సంచి కింద పెట్టింది దోర్కా, మెల్లగ మాట్లాడు…

పర్ఫార్మెన్స్… ఉంది. నొక్కిన. మస్తు గడులొచ్చినయ్. ఏది?… యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్. —ఉన్నదా బిడ్డా? పక్కకు టిక్ ఉన్నదా?… ఉన్నదట. తీసెయ్యాల్నా? తీసేస్తే ఇంకేమన్న పోతదా?… మెల్లగైతదా? ఎంత మెల్లగ?… అయ్యో, నాకంటె మెల్లగనైతే నడువదు గదా. తీసేస్తున్న.

తీసిన. ఓకే కొట్టిన… మూసి మళ్ల తెరువాల్నా? తీగ గుంజ, భయపడకు, మంచిగనే మూస్త.

తెరుసుకుంటుంది… తిరుగుతుంది… ఇంకా తిరుగుతుంది. బువ్వ తిన్నవా నువ్వు?… గిప్పటి దాకనా? గట్లనే జేస్తవ్. డబ్బాల ఏం దెచ్చుకున్నవ్… పప్పేనా.

ఆ, వచ్చింది. ఫోటో వచ్చింది. దగ్గరికి జరుపుతున్న… ఇంక జర…

లేవు.

లేవు బిడ్డా, ఒక్కటి గూడ లేదు. బ్రష్ ఎనక ఎనక వస్తుంది, ముసలోని లెక్క. కానీ మొఖం సాఫ్… నుదురు మీది ముడతలు గూడ కనవడ్తున్నయ్. నా తల్లి, సల్లగుండు. సాయంత్రం వచ్చి ఆ కార్డ్ సంగతేందో సూడు. ఫోన్ పెట్టనా ఇగ…

ఆగు. పెట్టకు.

…ఎస్తేరు ఏమో అంటుంది. —ఏంది బిడ్డా?… గవి మీ అమ్మ కండ్లు గావా? అవు, నీయే. పొద్దుగాల దీసినం గదా. అంచులు కలిపితే నీయని ఏర్పడవు… ఏర్పడ్తయా?…

దోర్కా, “గవి అమ్మను జూసిన కండ్లు, అమ్మ కండ్లు గావు” అంటుంది.

…తీసేద్దాం, ఆమె పాతది సూస్తనంటుంది. పక్కకు సిన్న కన్ను బొమ్మ ఉంటది జూడు, గది నొక్కుతే పైన అతికిచ్చిన కన్ను మాయమైతది. గది నాకెర్కే. నొక్కిన… ఇంకోటి నొక్కిన.

…

…ఉన్న బిడ్డా, లైన్లనే ఉన్న. ఆమె సూస్తుంది. జర ఊకుండు.

…

దోర్కా… కండ్లు గట్లనే ఉండనియ్యమంటుంది. మూసే ఉండనియ్యమంటుంది. ముక్కుల దూది ఒక్కటి తీసి, వెనుక పెట్టె కనవడకుంట జెయ్యమంటుంది. వాళ్లమ్మ తెల్లారకముందు లేచి చెత్తబండి మీద పోయేదట. వచ్చి ఆయినకు తినవెట్టి, దవాఖానాకు తీస్కపోయి, మళ్ల పనికి. “మా అమ్మ పండుకోంగ నేనెన్నడు జూడలే తాతా” అంటుంది. “నేను లేచేటాల్లకు లేచి ఉండేది. గిప్పుడు జూస్తున్న” అంటుంది.

…ఏడుస్తలేదు. ఉత్తగ సూస్తుంది.

ఏమో బిడ్డా. ఎందరి కండ్లో తెరిపిచ్చిన నేను. పండనియ్యి అన్నది గీ ఒక్క పిల్లనే. నాకు గూడ… ఈపు నొస్తుంది, ఏం లేదు.

గానీ ఆయినకు ఏం జెప్పాలె? ఇంటికి పోంగనే అడుగుతడట, కండ్లు తెరిచినయా అని. అబద్ధం జెప్పుడు ఎంత సేపు, ఆయినకు కనవడదాయె. ఈమె జెప్పనంటుంది. నిజం జెప్పుడు నాతోని గాదు తాతా అంటుంది.

…నేనా? నేనేం రాస్త, నాకు రాసుడొస్తే… సరే. నేను జెప్త, నువ్వు రాయి. రాసి ఎస్తేరు ఫోన్‌కు పంపు. నా మాట నా లెక్కనే రాయి, నీ ఆఫీసు తెలుగు కలుపకు.

రాస్తున్నవా?… “భూషణం అన్నా, నేను నాచారం స్టూడియో అబ్రహాంను. ఫోటో అయింది. నీ ఇంటామె తెల్లచీర కట్టుకున్నది. మొఖానికి కొంగు అడ్డం లేదు.” రాసినవా?… “ఎవరి మీద కోపం ఉన్నట్టు లేదు. పనంత అయినంక ఒరిగినట్టుంది. కండ్లు మూసే ఉన్నయ్.” ఆ, గట్లనే రాయి, దాసకు.

“తెరిపిద్దామని నీ బిడ్డ కండ్లు దీస్కోని పెట్టిజూసిన. కుదురలే. గవి నీ బిడ్డ కండ్లే. ఆమెకే వాపస్ ఇచ్చిన. నీ ఇంట్ల తెరిచిన కండ్లు గవి, నీ పక్కనే కూసున్నయ్. సువార్తమ్మను పండనియ్యి అన్నా.”

…

గంతే. ఇంకేం లేదు… పంపినవా? నువ్వెందుకు ముక్కు చీదుతున్నవ్, లోపలికి పో, మీ సారు సూస్తడు. పప్పన్నం తిను. పెడ్తున్న, దూది తియ్యాలె ఇంక, ల్యాబోడు ఆగడు.

—ఎస్తేరూ, వచ్చిందా నీ ఫోన్ల?… ఈడ సదువకు బిడ్డా. ఇంటికి పో. చెప్పులిడిచి, మీ నాయిన పక్కకు కూసోని, ఆయిన చెయ్యి నీ రెప్పల మీద పెట్టుకో. పెట్టుకోని, మెల్లగ సదివి ఇనిపియ్యి.