ఫిరంగి సారు కూల్చిన మేడలు

"సంతకానికి భయపడేవాడు ఇంజనీరెలా అవుతాడమ్మాయ్?" అంటూ పెద్ద ఇంజనీరు టీ కొట్టు బెంచీ మీద కూర్చునే రెండో టీ అందుకున్నాడు. ఆయన లేనప్పుడు ఆఫీసులో అందరూ ఆయన్ని ఫిరంగి సారు అంటారు.

జూనియర్ ఇంజనీరమ్మకు ఒళ్లు మండిపోతోంది. ఎదురుగా, రోడ్డుకవతల ప్రభుత్వాసుపత్రి. దాని బయటి మెట్లు గోడ నుంచి విడిపోయాయని పొద్దున్నే చూసొచ్చింది. జనం మాత్రం ఎక్కుతూనే ఉన్నారు. మూసేయమని ఆర్డరివ్వాల్సింది ఈయనే. ఇచ్చినవాణ్ణి వ్యక్తిగతంగా కోర్టుకీడుస్తానని ఆ మెట్లు కట్టిన కాంట్రాక్టరు బెదిరించాడు. అంతే, సారుకు ఎక్కడలేని టీ దాహం పుట్టుకొచ్చింది.

"సార్, ఆ ఆర్డరు..."

"ఆగమ్మా. నాకు లయబిలిటీ పాలసీ ఉంది. డ్యూటీలో చేసిన పనికి ఎవడైనా మన మీద కేసేస్తే లాయరు, ఖర్చు, అన్నీ బీమావాళ్లే చూసుకుంటారు. అది చేతికొచ్చిన రోజే వంగిపోయిన బాల్కనీ ఒకటి కూల్పించా. ఓనరు కేసేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది సార్?" అన్నాడు జీపు డ్రైవరు, వేరే పని లేక.

"బస్సు నిండా లాయర్లను పంపారయ్యా! కోర్టు హాల్లో వాళ్లకే చోటు చాల్లేదు. పాపం, ఓనరు కిటికీ బయట నించుని వాదించుకున్నాడు. ఓడిపోయాడు. ఇంక నా చెయ్యి ఊరుకుంటుందా? పక్కనున్న మేడ కూడా కూల్పించా. దానికీ కేసే. ఈసారి లాయర్లు ఏకంగా రైల్లో దిగారు."

"అక్కడ స్టేషనుందా సార్?"

"ఎందుకుండదు? మేడ కూల్చిన చోట నేనే కట్టించా!"

"సార్, అటు చూడండి, జనం ఎక్కుతున్నారు..." అంది జూనియరమ్మ.

"విను మరి, అసలు సంగతి ముందుంది. చివరికి కప్పు కారుతోందని ఆ కోర్టునే కూల్పించేశా! జడ్జిగారు వానలో గొడుగేసుకుని తీర్పు చదివారు. గెలుపు నాదే. దిగొచ్చి నా చెవిలో ఏమన్నారో తెలుసా? 'బాబ్బాబు, ఆ పాలసీ నాక్కూడా ఇప్పించు' అని!"

అవతల మెట్ల మీంచి పెచ్చు ఊడి పడింది. నిండు చూలాలొకామె, తల్లి చెయ్యి పట్టుకుని, అప్పుడే మొదటి మెట్టు మీద కాలేసింది.

టీ కొట్టావిడ గిన్నె దించి పెట్టింది. "కోర్టునే కూల్చిన మొనగాడివి, ఆ మెట్లకు ఒక్క సంతకం పెట్టలేవా సారూ?"

"అంటే... పాలసీ... తీసుకోవాలనే ఉందమ్మా. కనుక్కుంటున్నా."

జూనియరమ్మ లేచి ఆయన ముందు నిలబడింది. "లేవండి సార్."

"ఎక్కడికమ్మాయ్?"

"మీరెక్కడికీ రావద్దు. బెంచీ కావాలి."

డ్రైవరు పరుగున వెళ్లి తల్లీకూతుళ్లను వెనక్కి లాగాడు. జూనియరమ్మ బెంచీని రోడ్డు దాటించి ఈడ్చుకుపోయి మెట్లకు అడ్డంగా పడేసింది. పైనున్నవాళ్లను లోపలి దారిన దిగమని గొంతు చించుకుని అరిచింది.

"నీకు పాలసీ ఉందా అమ్మాయ్?" ఇవతల నుంచి కేకేశాడు ఫిరంగి సారు.

"లేదు సార్!" అంది, వెనక్కి తిరక్కుండానే.

ఆయన గ్లాసు పట్టుకుని నించునే అటూ ఇటూ చూశాడు. "ఎవరైనా అడిగితే నేనిక్కడ లేనని చెప్పు."

టీ కొట్టావిడ గ్లాసు లాక్కుంది. "నిన్నెవరడుగుతారు సారూ!"