ఏ కంపెనీదీ కాని ముక్క

మధ్యాహ్నం. పాత కార్లు బాగుచేసే షెడ్డు. డెంటింగ్ మేస్త్రీ, కుట్టుమిషను ముందు కూర్చుని సీటు కవర్లు కుడుతున్న అతని వదిన, పాత బండ్లు కొని అమ్మే బేరగాడు. గేటు దగ్గర ట్రాలీ మీద పట్టా కప్పిన కారు బాడీ ఒకటి ఉంది.

"నిదానం అని పేరు పెట్టారండీ మా అన్నకి ఈ వీధివాళ్లు. పేరుకే నిదానం. పారిపోయేటప్పుడు మాత్రం గుర్రం. డాక్టరు గారి బండి బాగైందో లేదో ఒక చుట్టు తిప్పి చూసొస్తానని పోయాడు. ఇప్పటికి పంతొమ్మిదేళ్లు. బండీ లేదు, మనిషీ లేడు. కంచే చేను మేసిందని..."

"మేస్త్రీ, ఆ కథ పోయినసారీ చెప్పావు. ముందు ఈ ముక్కేంటో చూడు."

"చూస్తున్నా కదండీ. చూసేది చేతులు. నోటి పని నోటిది."

"నలుగురికి చూపించాను. ఒకడు రేడియో బిగించే పట్టీ అన్నాడు. ఒకడు సీటు కిందదన్నాడు. ఇంకో మహానుభావుడు ఇది కారుదే కాదు, కుట్టుమిషనుదన్నాడు."

"మా మిషనుది కాదు బాబూ. ఇత్తడిదా?"

"ఇత్తడేనమ్మా. అందుకే తుప్పు పట్టలేదు. మూడు చిల్లులు, ఒక పక్క వంపు. ఏం మేస్త్రీ, నీకూ అంతు పట్టలేదా?"

"ఎక్కడిదండీ ఇది?"

"ఆ ట్రాలీ మీది బాడీలో రాలిపడి ఉంది. అసలు ఆ బాడీ ఏ బండిదో కూడా నువ్వే చెప్పాలి. గ్రిల్లు లేదు, నంబరు లేదు, ఇంజను మీద అచ్చులన్నీ తుప్పు తినేసింది. బండి పేరు తెలిస్తేనే బేరం. తెలియకపోతే తుక్కు."

"పట్టా తీయండి."

"ఇదిగో. మెల్లిగా, అంచులు కోస్తాయి."

"ముందద్దం రెండు పలకలు, మధ్యలో కడ్డీ. చూరు కింద నీళ్ల కాలవ ఇంత లోతు. ఈ అచ్చు బండ్లు చేయడం ఆపేసి యాభై ఏళ్లు దాటింది."

"భేష్. రంగేం ఉండేదో?"

"పాలమీగడ రంగు. పైకప్పు ఆకుపచ్చ."

"తుప్పు చూసి రంగు చెప్పేస్తున్నావే!"

"ఈ ఎడమ మడ్‌గార్డు కంపెనీది కాదు. రెండు బండ్లవి కోసి ఒకటిగా అతికారు. సీసం పోసి, వేలితో తడిమినా తెలియకుండా ఆకురాయి పట్టారు. పదకొండు రోజులు పట్టింది."

"నీకెలా తెలుసు పదకొండని?"

"వదినా, కాస్త మిషను ఆపుతావా?"

"ఆపాను. ఏంటయ్యా?"

"ఏం లేదు. సార్, ఈ బండి ఎక్కడ దొరికింది?"

"ఊరి బయట. ఎవరిదో షెడ్డులో."

"షెడ్డులో ఉన్న బండికి పైకప్పు లోపల నత్తగుల్లలు పట్టవు సార్."

"అదీ... అంటే..."

"నీళ్లు నమలకండి."

"క్వారీలో. ఈ ఏడు నీళ్లు తోడేశారు. అడుగున ఉంది."

"ఏ క్వారీ?"

"వంతెన దాటాక, ఎడమ పక్క. మలుపు దగ్గర."

"అది మనవాళ్లు బండ్లు తిప్పి చూసే రోడ్డు కదయ్యా."

"ఉండు వదినా. సార్, లోపల ఏమున్నాయి?"

"బురద."

"బురదలో?"

"మేస్త్రీ, నేను పిల్లలున్నవాణ్ని. పోలీసులూ కాగితాలూ అంటే..."

"బురదలో ఏమున్నాయి?"

"ఎముకలు. మేకవన్నారు కూలీలు."

"ఎక్కడున్నాయి బాబూ? వెనకా, ముందా?"

"ముందేనమ్మా."

"స్టీరింగు దగ్గరా?"

"ఆఁ."

"మేక బండి నడుపుతుందా బాబూ?"

"నేను అనలేదమ్మా, కూలీలు అన్నారు. నేను పారేయించలేదు. ఒట్టు. గట్టు మీద గుంట తీయించి పూడ్పించాను. పైన రాయి కూడా పెట్టించాను, గుర్తుకి."

"మంచిపని చేశావు."

"వదినా, ఇది డాక్టరు గారి బండి."

"తెలిసిందిలే. పదకొండు రోజులన్నప్పుడే తెలిసింది. ఆ పదకొండు రోజులూ ఇద్దరికీ అన్నం ఇక్కడికే మోశాను."

"అయితే అన్న పారిపోలేదు."

"లేదు. అరగంట దూరంలోనే ఉన్నాడు."

"పంతొమ్మిదేళ్లు తిట్టాను వదినా. నువ్వు వింటుండగా తిట్టాను. వచ్చిన ప్రతివాడికీ చెప్పాను, దొంగ అని."

"ఇప్పుడు మంచివాడయ్యాడా? చచ్చినవాడి కళ్లు చారెడంటారు, అందుకేనేమో. ఉండు, సూదిలో దారం ఊడిపోయింది."

"ఇప్పుడు కుట్టడమేంటి వదినా?"

"సాయంత్రానికి ఇస్తానన్నాను ఈ కవర్లు. ఏం, బొట్టు చెరుపుకోమంటావా? పెట్టుకుంటే మొగుడు వదిలేసిన దానికి సోకులా అన్నారు. తీసేస్తే బతికుండగానే చంపిందన్నారు. ఆవగింజంత చుక్క పెట్టుకుని కాలం గడిపాను. ఇంకేం చెరపను?"

"అమ్మా, నాకు తెలియక తెచ్చాను. తెలిస్తే ఇక్కడికి తెచ్చేవాణ్ని కాదు. మేస్త్రీ, ఆ ముక్క ఇటిచ్చెయ్. నాకేం తెలుసుకోవాలని లేదు."

"నేను చెప్పాలి కదండీ. ఇది ఏ కంపెనీదీ కాదు. మా పాత స్టవ్వు అడుగు కోసి నేను చేసింది. డ్రైవరు తలుపు లోపలి పిడి విరిగిపోయింది. అసలు ముక్క దొరకలేదు. గతుకుల్లో గడియ ఊడి తలుపు తెరుచుకుంటోంది. రెండ్రోజుల్లో ముక్క వస్తుంది, అందాకా ఉండనిమ్మని ఇది అడ్డంగా బిగించాను. బయట్నించి తీస్తే వస్తుంది."

"లోపల్నించి?"

"రాదు."

"అటుపక్క తలుపు?"

"మీరే చెప్పాలి సార్. ఎలా పడి ఉంది?"

"అటుపక్క బండరాయికి ఆనుకుని ఉంది. తెరిచే చోటు లేదు."

"విన్నావా వదినా? నేనే బిగించాను. నా చేత్తో. మూడు బోల్టులు."

"ఆయనకి తెలుసు కదయ్యా."

"ఏం తెలుసు?"

"ఆ తలుపు రాదని. నువ్వు బిగిస్తుంటే స్పానర్లు అందించింది ఆయనేగా. ఎక్కేటప్పుడు నాతో నవ్వాడు కూడా. 'దిగాలంటే చెయ్యి బయటపెట్టి తీసుకోవాలి, నువ్వేం బెంగపడకు' అన్నాడు. గేటు తీసింది నేనే. అద్దం మొత్తం దించుకుని మోచెయ్యి బయటపెట్టి వెళ్లాడు."

"అద్దం దించి ఉంటే..."

"దించి ఉంటే చెయ్యి బయటపెట్టి తీసుకునేవాడు. లేదా అందులోంచే వచ్చేవాడు. సన్నటి మనిషి. ఈతా వచ్చు."

"సార్. డ్రైవరు పక్క అద్దం..."

"ఎందుకు మేస్త్రీ ఇవన్నీ ఇప్పుడు?"

"దించి ఉందా, ఎక్కించి ఉందా?"

"ఎక్కించి ఉంది. పైదాకా. మేమే సుత్తితో కొట్టి బురద తోడాం."

"వాన పడిందేమో వదినా. దారిలో వాన పడి ఎక్కించుకున్నాడేమో."

"నడివేసవి అది. ఊళ్లో తాగడానికి నీళ్లు లేవు."

"దుమ్ము... మట్టిరోడ్డు, దుమ్ము కదా..."

"దుమ్ముకి అద్దం ఎక్కించే మనిషా మీ అన్న? దుమ్ము తిని బతికినవాడు."

"మరి ఎందుకు ఎక్కిస్తాడు?"

"నన్నడుగుతావేంటయ్యా? ఆ పొద్దున వెనకగోడ దగ్గర మాట్లాడింది మీరిద్దరూ. టీ పట్టుకొచ్చి నిలబడితే ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఆయన టీ తాగకుండానే తాళాలు తీసుకున్నాడు."

"ఏదో పని మాట వదినా."

"ఏం పని?"

"పనే."

"బాబూ, నువ్వు కాసేపు బయట నిలబడతావా?"

"వెళ్తానమ్మా. బండి మాత్రం..."

"అక్కర్లేదు, ఉండనీ వదినా. వింటే విననీ. వాటా అడిగాను. నీ నిదానంతో షెడ్డు ముంచేశావ్, నీ పనికి నా కడుపు మాడుతోందన్నాను. వెనక జాగా నా పేర రాసిచ్చి పెళ్లాన్ని తీసుకుని వెళ్లిపో అన్నాను. నేను పుట్టకముందు నుంచీ ఇక్కడ సుత్తి పట్టుకున్నవాణ్ని పట్టుకుని వెళ్లిపో అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"సరే అన్నాడు. అంతే. సరే రా, ఈ బండి చూసొచ్చాక అన్నాడు."

"మరి ఆ జాగా ఏమైందయ్యా?"

"డాక్టరు గారి బండికి బదులు కట్టమని పెద్దమనుషులు కూర్చోబెట్టారుగా. అమ్మేశాను."

"ఎంత ఉండేదయ్యా అది?"

"మూడున్నర సెంట్లు."