మంచు పడకుండా

గల్ఫ్‌లోని అజ్మాన్‌లో సముద్రానికి దగ్గరగా ఉన్న రెండంతస్తుల ఇంటి వెనక ఖాళీ జాగా. 1979 డిసెంబరు, పొద్దు గూకబోతున్న వేళ. ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చిన దయారాణి, నర్సు యూనిఫారమైనా మార్చుకోకుండా, మోటారు సైకిలుకు టార్పాలిన్ కడుతున్న భర్త విజయరత్నం పక్కన నిలబడింది.

“అట్లా కాదండీ, అంత బిగించి కడితే లోపల చెమ్మ నిలుస్తుంది.”

“చెమ్మ పైనుంచి కదా పడేది? పైన కప్పితే చాలు.”

“పైనుంచి పడేది కొంత, లోపల ఆగిపోయేది కొంత. పగలు ఎండకి వేడెక్కుతుంది, రాత్రి చల్లబడుతుంది. ఆ ఆవిరి బయటికి పోలేక ఇనుముకే పట్టుకుంటుంది. ఆపరేషన్ థియేటర్లో కత్తెరలు ఆరకముందే మూట కడితే ఏమవుతాయో నాకు తెలుసు. కింద జానెడు వదలండి.”

“వదిలితే ఇసక దూరుతుంది.”

“ఇసక తుడిస్తే పోతుంది. ఉప్పుగాలికి పట్టిన తుప్పు పోదు.”

“అబ్బా, సిస్టరమ్మగారూ, ఇది మీ వార్డు కాదు. ఆ తాడు ఇటివ్వు, దయా.”

“ఇస్తాను. అసలు ఇప్పుడెందుకు కట్టడం?”

“చలికాలం కదా. ఇక్కడ మంచు ఎట్లా కురుస్తోందో చూస్తున్నావుగా. మార్చి దాకా బయటికి తియ్యను. బ్యాటరీ విప్పేశాను, ట్యాంకు నిండా పెట్రోలు పోశాను, ప్లగ్గు తీసి లోపల నాలుగు చుక్కలు ఆయిలు వేశాను, సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కాను. రిమ్ములకి కొబ్బరినూనె పూశాను.”

“నా తలకి రాసుకునే సీసా అటు పోయిందన్నమాట.”

“కొత్తది తెస్తాలే.”

“పోయిన చలికాలం ఇవేవీ చెయ్యలేదు. ముందు మనిషి కనపడని పొగమంచులో కూడా ఉమ్ అల్ క్వైన్‌లో మీ కంపెనీ దాకా దీనిమీదే వెళ్లారు. మంచుకి భయపడేవాడికి బండెందుకని నన్నే వెక్కిరించారు.”

“పోయినేడు వేరు. ఇప్పుడు కంపెనీ పికప్పు వస్తోంది.”

“రోజూ వస్తోందా?”

“రోజూ.”

“ఇవాళ పొద్దున కూడా అందులోనే వెళ్లారా?”

“అందులోనే. ఏం, ఎందుకడుగుతున్నావు?”

“ఊరికే. ఆ లోపల కప్పింది మా అమ్మ ఇచ్చిన రగ్గు కదూ?”

“ట్యాంకు మీద గీతలు పడకుండా వేశాను. రగ్గే కదే, ఏమవుతుంది?”

“ఏమీ కాదు. రగ్గే.”

“ఏంటట్లా అంటావు?”

“మా వార్డులో ఒకతను ఉన్నాడు. శుక్రవారం పొద్దున్నే తెచ్చారు. ఉమ్ అల్ క్వైన్ రోడ్డు పక్కన దిబ్బ వెనక పడి ఉంటే ఒంటెలు కాసేవాళ్లు చూశారట. కాలు విరిగింది, దవడ పగిలింది. ఒంటిమీద పల్చటి చొక్కా ఒక్కటే. దాన్ని కత్తిరించి తీసి పిండితే నీళ్లు కారాయి. రాత్రంతా మంచులోనే ఉన్నాడన్నమాట.”

“ఎవరట?”

“అప్పుడు తెలీలేదు. జేబులో కార్డు లేదు. ఒళ్లు తెలీని జ్వరం.”

“ఏ లారీయో గుద్దుంటుంది. ఆ రోడ్డు సంగతి కొత్తా మనకి?”

“లారీ గుద్దిన దెబ్బలు కావన్నారు డాక్టరుగారు. వెనక కూర్చున్న మనిషి ఎగిరిపడితే తగిలే దెబ్బలట.”

“డాక్టర్లు వంద అంటారు. తాడు వదులు, చీకటి పడుతోంది.”

“ఒకసారి ముందువైపు టార్పాలిన్ ఎత్తండి.”

“ఎందుకు?”

“లైటు చూడాలి.”

“లైటుకేమైంది?”

“మీరే చెప్పాలి.”

“ఏమీ కాలేదు.”

“కాకపోతే ఎత్తండి.”

“కట్టింది విప్పించకు, దయా! గంట నుంచి నడుం వంచి కడుతున్నాను.”

“సరే, విప్పొద్దు. మీ మోచేతికి కట్టు నేనే కట్టాను. షెడ్డులో రేకు గీరుకుందన్నారు. రేకు గీరుకుంటే చర్మం సన్నగా తెగుతుందండీ. తారు మీద ఈడ్చుకుపోతేనే అట్లా తోలు లేచిపోయేది. కట్టు కట్టేటప్పుడే అనుకున్నాను. మీ అంతట మీరు చెబుతారని ఊరుకున్నాను.”

“నెమ్మదిగా మాట్లాడు. పైన ఇంటి ఓనరు బడే సాహెబ్ వాళ్ల కిటికీ తీసి ఉంది.”

“నెమ్మదిగానే మాట్లాడుతున్నాను.”

“గురువారం సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి చూడు... రోడ్డు మీద ఇసక. కాస్త తడిస్తే చాలు, సబ్బు రాసినట్టు అయిపోతుంది. జారింది. నేనిటు పడ్డాను, అతనటు పడ్డాడు.”

“వెనక ఎక్కించుకున్నారన్నమాట.”

“కొత్తగా వచ్చిన వెల్డరు. నెల్లూరు వైపువాడు, అమీర్ జాన్ అని. మన భాష మాట్లాడేవాడు దొరికాడని నన్ను వదిలేవాడు కాదు. అజ్మాన్ దాకా దింపమంటే పాపం అని...”

“పడ్డాక పిలిచారా?”

“పిలిచాను. పలకలేదు.”

“నాడి చూశారా?”

“అప్పటికే వెలుతురు లేదు...”

“నాడి చూశారా అండీ?”

“చూళ్లేదు! పోయాడనే అనుకున్నాను. నాకిక్కడి లైసెన్సు లేదు. బండి రిజిస్ట్రేషన్ చూస్తే నీ పేరు మీద ఉంది, సర్కారు ఉద్యోగమని అట్లా రాయించాం. పట్టుబడితే నేను జైలుకి, నువ్వు ఉద్యోగం ఊడి మొదటి విమానానికి. ఖలాస్. నీకోసమే చేశాను దయా.”

“నాకోసం.”

“కాక ఇంకెవరికోసం?”

“దిబ్బ వెనకాల ఎందుకున్నాడు? రోడ్డు మీద కదా పడింది.”

“పక్కకి... కాస్త పక్కకి జరిపాను. వచ్చే లారీ తొక్కుతుందేమోనని.”

“రోడ్డు మీద ఉంటే ఆ వచ్చే లారీవాడే చూసి ఆగేవాడు. రాత్రే ఆస్పత్రికి చేరేవాడు. తెల్లారేదాకా ఆ తడి ఇసకలో నానబట్టే గాయం చీము పట్టింది. రేపు కాలు తీసేస్తున్నారు, మోకాలి పైదాకా.”

“దేవా... అంత అవుతుందని నాకేం తెలుసు?”

“బండిని మాత్రం లేవనెత్తి తెచ్చుకోగలిగారు.”

“స్టార్టయింది. ఏదో ఆయన దయ.”

“ఆయన్ని ఇందులోకి లాగకండి.”

“సరే, లాగను. బతికాడు కదా, ఆ మాట చెప్పు. మాట్లాడుతున్నాడా?”

“మాట్లాడాడు. ఇవాళ మధ్యాహ్నం.”

“ఎవరితో? పోలీసులున్నారా?”

“ఇద్దరున్నారు. ఇతనికి తెలుగు తప్ప ఏదీ సరిగ్గా తిరగడం లేదు ఆ నోట్లో. నన్ను పిలిచారు. ఇతను తెలుగులో చెబుతుంటే నేను హిందీలో చెప్పాను, వాళ్లలో హిందీ వచ్చినతను అరబ్బీలో రాసుకున్నాడు.”

“నా పేరు చెప్పాడా?”

“చెప్పాడు. విజయరత్నం అన్న, అని.”

“నువ్వు... నువ్వు ఆ పేరు వాళ్లకి చెప్పావా?”

“చెప్పాను. నా భర్త అని మాత్రం చెప్పలేదు. నోరు రాలేదు.”

“అయితే కంపెనీకి వెళ్తారు.”

“ఫోన్ చేశారు. గురువారం తర్వాత మీరు పనిలోకి రాలేదు, కబురూ లేదు అన్నారట.”

“అది... ఇవాళ నేను...”

“పికప్పు సంగతి ఇక అడగనులెండి.”

“అంటే నామీద కేసు పెట్టించాడు. చావమని వదిలేసి పోయానన్నాడు. అంతేనా? చెప్పు, దయా! అంతేనా?”

“అట్లా అంటే బాగుండేది. కళ్లు తెరిచిన దగ్గర్నుంచి ఒకటే గోల. ‘రత్నం అన్న నన్ను ఇడిసిపెట్టి పొయ్యే మనిషి కాదు సిస్టర్. ఊపిరుంటే పాక్కుంటా అయినా నా కాడికి వచ్చుండేవాడు. ఆ ఇసకలోనే యాడో పడుంటాడు. నా కాలు పోతే పోనీ, ముందు ఆయన్ని ఎతికించండి’ అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. బండిని దొంగలెత్తుకుపోయి ఉంటారని రాసుకుని, అప్పటినుంచి పోలీసులు ఆ దిబ్బల్లో మీ శవం కోసం వెతుకుతున్నారండీ.”